ఆటగాని విలువ కట్టుట ఎట్లు?

2018 నవంబరులో హైదరాబాదు క్రికెట్ జట్టు సన్‌రైజర్స్ ఒక మార్పిడి చేసినది. పేరుపడిన బ్యాట్స్‌మన్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీ జట్టునకు ఇచ్చి, బదులుగా ముగ్గురిని తీసికొన్నది. వారు విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. ఆ సంవత్సరపు వేలములో ధావన్ పలికిన ధర 5 కోట్ల 20 లక్షల రూపాయలు. శంకర్, నదీములు ఒక్కొక్కరు 3 కోట్ల 20 లక్షలు, అభిషేక్ 55 లక్షలు పలికినారు. ధావన్ అప్పటికి ముగిసిన పోటీలలో 497 పరుగులు చేసి ఉన్నాడు. అభిషేక్ వయస్సు 18 సంవత్సరములు. ఆ పోటీలలో అతడు ఆడినవి మూడు పందెములు, చేసినవి 63 పరుగులు.

ఇది లాభమా, నష్టమా? ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు వాదమునకు కొదువ ఉండదు. సంగారెడ్డి నుండి పటాన్‌చెరు, రామచంద్రాపురముల దాక కార్ఖానాల షిఫ్టు బస్సులలోను, టీ దుకాణముల వద్దను, పాఠశాలల ఆటస్థలములలోను ఇట్టి వాదములు నిత్యము వినబడును. ఒకడు పరుగులు చూపును, ఒకడు సగటు చూపును, మరియొకడు పరుగుల వేగము చూపును. అమెరికాలో బాస్కెట్‌బాల్ అభిమానులు ఇదే వాదమును ఇంకను సూక్ష్మముగా చేయుదురు. అచ్చట ఆటగాండ్ర మార్పిడి క్రికెట్‌లో కంటె చాల కాలము ముందే అలవాటైనది.

వాదించువారందరును అంకెలనే చూపుదురు. అయినను వాదము తెగదు. కారణమేమనగా, ఒక ఆటగాని పేరుకు ఎదురుగా వ్రాసిన అంక్య అతని ఒక్కనిది కాదు. అందులో తోడి ఆటగాండ్రు, ప్రత్యర్థులు, మైదానము, దక్కిన అవకాశములు, అదృష్టము, అన్నియు కలిసి ఉండును. ఈ కలగలుపులో నుండి ఒక్కని పాలు ఎంతో వేరుచేయుట సులభము కాదు. ఆ విద్యను మానవుడు మొదట నేర్చినది ఆటస్థలములలో కాదు, వ్యవసాయ క్షేత్రములలో.

గాట్ల నుండి పట్టిక వరకు

ఆటలలో లెక్క వ్రాయుట మిగుల మోటుగా ప్రారంభమైనది. 18వ శతాబ్దమున ఇంగ్లండు పల్లెలలో క్రికెట్ పరుగులను కఱ్ఱపై గాట్లు పెట్టి లెక్కించెడివారు. మన ఇండ్లలో పాలవాని లెక్కకు గోడపై గీతలు గీచినట్టిదే ఈ పద్ధతి. గాట్ల వలన జట్టు మొత్తము తెలియును గాని, ఎవరి కష్టము ఎంతో తెలియదు. క్రమముగా ఒక్కొక్క ఆటగాని పేరుకు ఎదురుగా అంకెలు వేయు పద్ధతి వచ్చినది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో పత్రికా రచయితగా స్థిరపడిన హెన్రీ చాడ్విక్ 1859లో బేస్‌బాల్ ఆటకు ఇట్టి పట్టికను ఏర్పరచినాడు.

మొత్తముల తరువాతి మెట్టు సగటు. ఇది తేలికయని తోచును గాని, భాగహారములో దేనితో భాగించవలెనను దానిలోనే చిక్కు ఉన్నది. డాన్ బ్రాడ్‌మన్ టెస్టు పందెములలో 80 ఇన్నింగ్సులు ఆడి 6,996 పరుగులు చేసినాడు. అందులో 10 సార్లు అవుట్ కాలేదు. క్రికెట్ ఆచారము ప్రకారము అవుటైన 70 సార్లతో భాగించిన, ప్రసిద్ధమైన 99.94 వచ్చును. 80తో భాగించిన 87.45 వచ్చును. పరుగులు అవియే, మనిషి అతడే, సగటులు మాత్రము రెండు. రెండింటిలో ఏదియు తప్పు కాదు. మొదటిది ఒకసారి అవుటగుటకు ఎన్ని పరుగులని అడుగుచున్నది, రెండవది ఒకసారి బ్యాటు పట్టినప్పుడు ఎన్ని పరుగులని అడుగుచున్నది. ప్రశ్న ఏదో తేల్చుకొనక సగటులను పోల్చుటయే సగము వాదములకు మూలము.

1945లో జి. హెచ్. వుడ్ ఈ ప్రశ్నను గణితజ్ఞుల సభకు తెచ్చినాడు. లండనులోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో అతని వ్యాసము ప్రకటితమైనది. ఒక బ్యాట్స్‌మన్ ప్రతి పరుగు వద్దను అవుటగు సంభావ్యత ఒకటే అయినచో, అతని స్కోరులు గుణశ్రేఢిని అనుసరించవలెను. నిజముగా అట్లున్నవా అని వుడ్ పరీక్షించినాడు. ఆటల అంకెలను వినోదము కొఱకు గాక శాస్త్రవిషయముగా చూచిన తొలి ప్రయత్నములలో ఇది ఒకటి.

బుట్టలో పడని పనులు

బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో పుట్టినది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో వ్యాయామోపాధ్యాయుడు జేమ్స్ నాయ్‌స్మిత్, చలికాలములో విద్యార్థులు లోపల ఆడుకొనుటకై, పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీ కమ్మికి కొట్టించి 13 నియమములు వ్రాసినాడు. ఆ మొదటి ఆటలో ఒక్కొక్క వైపు తొమ్మండుగురు ఆడినారు. ఒకే ఒక్కసారి బంతి బుట్టలో పడినది.

ఎన్.బి.ఏ. అను ప్రసిద్ధ సమాఖ్య 1946లో వేరొక పేరుతో మొదలై 1949లో ఆ పేరు పొందినది. దానిలో ఏ పనిని ఎప్పటి నుండి లెక్కించినారో చూచిన, గణాంకముల స్వభావము అర్థమగును. బుట్టలో వేసిన పాయింట్లు మొదటి నుండి లెక్కలో ఉన్నవి. గురి తప్పి తిరిగివచ్చిన బంతిని అందుకొనుట, అనగా రీబౌండు, 1950–51 నుండి వ్రాసినారు. ఆడిన నిమిషములు 1951–52 నుండి, ప్రత్యర్థి బంతిని అడ్డగించుట, లాగికొనుట 1973–74 నుండి, బంతిని పోగొట్టుకొనుట 1977–78 నుండి పట్టికకెక్కినవి. కంటికి మొదట కనబడునది మొదట లెక్కకు వచ్చినది. ఆపిన పని, కాచిన పని చాల ఆలస్యముగా వచ్చినవి.

దీనికి బిల్ రసెల్ చక్కని ఉదాహరణము. 1956లో బోస్టన్ జట్టు అతనిని పొందుటకై సెయింట్ లూయిస్ జట్టునకు ఎడ్ మెకాలీ, క్లిఫ్ హేగన్ అను ఇద్దరిని ఇచ్చినది. రసెల్ 13 సంవత్సరములు ఆడినాడు. అందులో బోస్టన్ 11 సార్లు విజేత. అతని పాయింట్ల సగటు మాత్రము ఆటకు 15.1 మాత్రమే. ప్రత్యర్థి బంతిని అడ్డగించుటలో అతడు మహా నేర్పరి, కాని అతడు 1969లో విరమించు నాటికి ఆ పనికి పట్టికలో గడియే లేదు. లెక్కలో లేని పని జరుగలేదని అర్థము కాదు. సెయింట్ లూయిస్ కూడ నష్టపోలేదు. ఆ జట్టు 1958లో బోస్టన్‌నే ఓడించి విజేత అయినది. మార్పిడిలో ఒకరు గెలిచిన మరొకరు ఓడి తీరవలెనను నియమము లేదు.

విల్ట్ చేంబర్లేన్ కథ దీనికి తలక్రిందులు. 1961–62లో అతడు ఆటకు సగటున 50.4 పాయింట్లు చేసినాడు. 1962 మార్చి 2న ఒక్క ఆటలోనే 100 పాయింట్లు చేసినాడు. అయినను ఆ సంవత్సరము అతని జట్టు విజేత కాలేదు. ఇక్కడ రెండు విషయములు గమనింపదగినవి. ఆట 48 నిమిషములే అయినను, అదనపు సమయములతో కలిసి అతడు సగటున ఆటకు 48.5 నిమిషములు ఆడినాడు, అనగా దాదాపు విశ్రాంతియే లేదు. ఆ కాలమున ఆట మిక్కిలి వేగముగా సాగి, ఒక్కొక్క జట్టు ఆటకు నూరుకు పైగా గురులు వేసెడిది. నేడు ఆ సంఖ్య 90 దరిదాపులలో ఉన్నది. అవకాశములు ఎక్కువైన మొత్తములు పెరుగును. అందుచేత ఆటకు ఎన్ని అని గాక, ఇన్ని అవకాశములకు ఎన్ని అని లెక్కించు పద్ధతి తరువాత ప్రాధాన్యము పొందినది. 2004లో డీన్ ఆలివర్ తన గ్రంథములో దీనిని సమగ్రముగా వివరించినాడు.

1965 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు చేంబర్లేన్‌ను ముగ్గురు ఆటగాండ్రకును, 1,50,000 డాలర్లకును ఫిలడెల్ఫియా జట్టునకు ఇచ్చివేసినది. 1966–67లో అతని సగటు 24.1కి, అనగా సగమునకు లోపలికి తగ్గినది. అతడు తోటివారికి బంతిని అందించుట పెంచినాడు. ఆ సంవత్సరము ఫిలడెల్ఫియా 81 ఆటలలో 68 గెలిచి విజేత అయినది. అంక్య సగమైనను అతడు జట్టునకు చేసిన మేలు సగమైనదని ఎవ్వరును చెప్పజాలరు.

పటాన్‌చెరు పొలములు చెప్పు పాఠము

తోటివారి ప్రభావమును ఆటగాని అంకె నుండి వేరుచేయుట ఎట్లు? రైతు ఈ ప్రశ్నను వేరొక రూపములో ఏనాటి నుండియో ఎరుగును. పంట బాగుగా పండినప్పుడు, ఆ గొప్ప విత్తనముదా, నేలదా?

ఈ విషయమున పటాన్‌చెరు ప్రత్యేకముగా చెప్పదగిన స్థలము. 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అచ్చట సుమారు 1,400 హెక్టార్ల క్షేత్రములో ఉన్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దాని ముఖ్యమైన పంటలు. ఆ క్షేత్రములో నల్లరేగడియు, ఎఱ్ఱనేలయు రెండును ఉన్నవి. ఒకటి నీటిని చాల కాలము పట్టి ఉంచును, రెండవది త్వరగా ఆరిపోవును. మెట్ట సేద్యమునకు సంబంధించిన ఈ రెండు ముఖ్యమైన నేలలును ఒక్క కంచెలో దొరకుట పరిశోధకులకు గొప్ప సౌకర్యము.

ఉదాహరణకు ఒక కొత్త జొన్న రకమును నల్లరేగడిలోను, పాత రకమును ఎఱ్ఱనేలలోను విత్తినారనుకొందము. కొత్తది ఎకరాకు 10 క్వింటాళ్ళు, పాతది 7 క్వింటాళ్ళు ఇచ్చినవి. తొందరపడినవాడు కొత్త రకము 3 క్వింటాళ్ళు మేలని చెప్పును. ఇప్పుడు రెండు రకములను రెండు నేలలలోను విత్తి చూచిన, నల్లరేగడిలో కొత్తది 10, పాతది 9, ఎఱ్ఱనేలలో కొత్తది 6, పాతది 7 వచ్చినవనుకొందము. రెండింటి సగటును 8 మాత్రమే. మొదట కనబడిన 3 క్వింటాళ్ళ తేడా విత్తనముది కాదు. పైగా, ఏ రకము మంచిదను ప్రశ్నకు ఎచ్చట అని తిరిగి అడుగక సమాధానము చెప్పుటకు వీలులేదు.

ఇట్టి చిక్కులను విప్పు పద్ధతిని ఇంగ్లండులో ఆర్. ఏ. ఫిషర్ రూపొందించినాడు. 1919లో అతడు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో చేరినాడు. అచ్చట ఏండ్ల తరబడి పోగుపడిన దిగుబడి లెక్కలను పరిశీలించి, 1925లో ఒక గ్రంథమును, 1926లో క్షేత్ర ప్రయోగముల ఏర్పాటుపై ఒక వ్యాసమును, 1935లో ప్రయోగ రచనపై మరియొక గ్రంథమును ప్రకటించినాడు. అతని పద్ధతికి మూడు కాళ్ళు. ప్రతి రకమును పలుమార్లు విత్తవలెను. ఏ రకము ఏ మడిలో పడవలెనో మనుష్యుని ఇష్టమునకు విడువక చీటీలు వేసి నిర్ణయింపవలెను. ఒకే విధమైన నేల గల మడులను ఒక కట్టగా చేసి, ఆ కట్టలోపలనే రకములను పోల్చవలెను. భారతదేశమున పి. వి. సుఖాత్మే, వి. జి. పాన్సే 1954లో ప్రకటించిన గ్రంథము ద్వారా ఈ పద్ధతి వ్యవసాయ విద్యార్థులకు చేరువైనది.

ఆటకు దీనిని అన్వయించిన, ఆటగాడు విత్తనము, జట్టు నేల, ప్రత్యర్థి వాతావరణము. కాని ఒక పెద్ద తేడా ఉన్నది. పొలములో చీటీలు వేయవచ్చును. జట్టులో ఎవరు ఎవరితో ఆడవలెనో శిక్షకుడు నిర్ణయించును, చీటీ నిర్ణయింపదు. కాబట్టి ఆటల లెక్కలో చీటీ చేయవలసిన పనిని సమీకరణములు చేయవలసి వచ్చినది.

జోడెడ్ల లెక్క

ఒక ఆటగాడు మైదానములో ఉన్నంతసేపు తన జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ చేసినది, ఎన్ని తక్కువ చేసినదని లెక్కించుటకు కూడిక–తీసివేత లెక్క అని పేరు పెట్టవచ్చును. మంచు హాకీలో ఉత్తర అమెరికా సమాఖ్య దీనిని 1967–68 నుండి అధికారికముగా వ్రాయుచున్నది. ఇందులో గొప్ప గుణమొకటి కలదు. బంతిని బుట్టలో వేయుటయే గాక కాచుట, అడ్డుట, దారి ఇచ్చుట, పట్టికకెక్కని ప్రతి పనియు ఫలితములో చేరును. గొప్ప దోషమును కలదు. తోటివారి పనియు అతని ఖాతాలోనే పడును.

విద్యార్థులు దీనిని చిన్న లెక్కతో పరీక్షింపవచ్చును. క, గ, చ అను ముగ్గురున్నారు. ఇద్దరేసి చొప్పున, సమాన బలము గల ఒకే ప్రత్యర్థి జంటతో, సమాన కాలము ఆడినారు. క, గ కలిసి ఆడినప్పుడు 7 పాయింట్లు ఎక్కువ. గ, చ కలిసినప్పుడు 1 ఎక్కువ. క, చ కలిసినప్పుడు 4 ఎక్కువ. వట్టి కూడిక చేసిన క ఖాతాలో 11, గ ఖాతాలో 8, చ ఖాతాలో 5 పడును. ముగ్గురును మేలు చేయువారే అని తోచును. ఇప్పుడు సమీకరణములు వ్రాసి చూడవలెను. క + గ = 7, గ + చ = 1, క + చ = 4. మూడింటిని కలిపి రెండుతో భాగించిన, ముగ్గురి మొత్తము 6. అందుచేత క పాలు 5, గ పాలు 2, చ పాలు 1 తక్కువ, అనగా నష్టము. ఖాతాలో 5 లాభము చూపిన చ, నిజమునకు తోటివారి భుజములపై కూర్చుండియున్నాడు.

నిజమైన ఆటలో ముగ్గురు గాక వందలమంది, మూడు సమీకరణములు గాక వేలకొలది ఉండును. ఈ పద్ధతిని 2000 ప్రాంతమున వేన్ విన్‌స్టన్, జెఫ్ సగారిన్ డల్లాస్ జట్టు కొఱకు ప్రయోగించినారు. 2004లో డాన్ రోజెన్‌బామ్ అట్టి పద్ధతిని అందరికిని తెలియునట్లు ప్రకటించినాడు. 2006లో హ్యూస్టన్ జట్టు యువకుడైన రూడీ గే హక్కును వదలుకొని షేన్ బాటియే అను ఆటగానిని తెచ్చుకొన్నది. బాటియే పాయింట్లు కొద్ది, రీబౌండ్లును కొద్ది. అయినను అతడు మైదానములో ఉన్నప్పుడు జట్టు మెఱుగుగా ఆడుటను ఈ విధమైన లెక్కలు చూపినవి.

అయినను ఒక చిక్కు మిగిలినది. క, గ ఎప్పుడును కలిసియే ఆడి, ఒక్కసారియైనను విడిగా ఆడనిచో, వారి మొత్తము తెలియును గాని ఒక్కొక్కరి పాలు తెలియదు. ఒకే కాడికి కట్టిన జోడెడ్లలో ఏది ఎంత లాగినదో బండిని చూచి చెప్పుట ఎట్లు? సమీకరణములు ఇట్టిచోట తడబడి, ఒకనికి మితిమీరిన లాభమును, మరియొకనికి మితిమీరిన నష్టమును అంటగట్టును.

దీనికి విరుగుడుగా 1970లో హోర్ల్, కెన్నార్డ్ అను శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చెప్పినారు. బలమైన సాక్ష్యము లేనంతవరకు ప్రతివాని అంకెను సగటు వైపునకు కొంత లాగి ఉంచవలెను. 2010లో జోసెఫ్ సిల్ ఈ ఉపాయమును బాస్కెట్‌బాల్‌కు అన్వయించినాడు. దీనికి దగ్గరి బంధువు పశుపోషణలో అంతకు ముందే ఉన్నది. ఆబోతు పాలు ఇయ్యదు. దాని విలువ దాని పెయ్యలు పెరిగి ఇచ్చు పాలను బట్టి తెలియవలెను. ఆ పెయ్యలు వేర్వేరు మందలలో, వేర్వేరు మేతలతో పెరుగును. మంద ప్రభావమును తీసివేసి ఆబోతు పాలును అంచనా కట్టు పద్ధతిని 1950 నుండి సి. ఆర్. హెండర్సన్ అభివృద్ధి చేసినాడు. అదే గణితము నేడు పంట రకముల ఎంపికలోను వాడుకలో ఉన్నది. ఆటగాడు, ఆబోతు, విత్తనము, మూడింటికిని తక్కెడ ఒక్కటే.

మూడు పందెముల సాక్ష్యము

తక్కెడ ఎంత మంచిదైనను, సాక్ష్యము కొద్దిగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా తీర్పు చెప్పవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినవారిలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు అగ్రగణ్యుడు. 1920లో నాటి బళ్ళారి జిల్లా హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితశాస్త్ర పట్టము పొందినాడు. తరువాత కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థలో చేరినాడు. 1944లో అతడు పాఠము చెప్పుచుండగా వి. ఎం. దాండేకర్ అను విద్యార్థి ఒక ప్రశ్న వేసినాడు. పెద్ద సంఖ్యలో పరిశీలనలు ఉన్నప్పుడు వర్తించు ఒక ఫలితము కొద్ది పరిశీలనలకు కూడ వర్తించునా అని ఆ ప్రశ్న. రావు ఆలోచించి మరునాటికి సమాధానముతో వచ్చినాడు. అది 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో ప్రకటితమైనది. వుడ్ క్రికెట్ స్కోరులపై వ్రాసిన సంవత్సరమును అదియే.

రావు చూపిన ఫలితము సారాంశమిది. ఇన్ని పరిశీలనల నుండి, పక్షపాతము లేని ఏ పద్ధతితో అంచనా కట్టినను, ఆ అంచనా ఒక హద్దును మించి కచ్చితముగా ఉండజాలదు. ఆ హద్దు లెక్కించువాని తెలివిపై గాక, చేతనున్న సమాచారముపై ఆధారపడును. స్వీడన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ క్రామర్ పేరుతో కలిపి దీనిని క్రామర్–రావు హద్దు అందురు. మూడు పందెములు చూచి ఎవ్వరును, ఎంతటి యంత్రముతోనైనను, ఆటగాని జాతకము చెప్పజాలరు. రావునకు 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానము లభించినది. ఆ సంవత్సరమే ఆగస్టులో, 102 సంవత్సరముల వయస్సున ఆయన కన్నుమూసినాడు. ఆయన పేరు గల గణిత, సాంఖ్యక, కంప్యూటరు శాస్త్రముల సంస్థ పటాన్‌చెరునకు అంత దూరము కాని గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఉన్నది.

ఆ హద్దు పక్షపాతము లేని పద్ధతులకు చెప్పినది. కొద్దిపాటి పక్షపాతమును తెలిసియే ఒప్పుకొన్నచో, అనేకమంది విలువలను ఒకేసారి అంచనా కట్టునప్పుడు మొత్తము పొరపాటును తగ్గింపవచ్చునని 1956లో చార్లెస్ స్టైన్ చూపినాడు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ దీనిని బేస్‌బాల్‌తో వివరించినారు. 1970లో 18 మంది ఆటగాండ్రు తొలి 45 అవకాశములలో చేసిన సగటులను వారు తీసికొన్నారు. రాబర్టో క్లెమెంటే సగటు 0.400. థర్మన్ మన్సన్ సగటు 0.178. తక్కిన సంవత్సరములో క్లెమెంటే 0.346కు దిగినాడు. మన్సన్ 0.316కు ఎక్కినాడు. ప్రతివాని అంకెను అందరి సగటు వైపునకు లాగి కట్టిన అంచనాలలో, పొరపాట్ల వర్గముల మొత్తము 0.077 నుండి 0.022కు తగ్గినది. తొలి 45 అవకాశములు చూచి మన్సన్‌ను ఇంటికి పంపినచో ఆ జట్టు నష్టపోయెడిది. ఆ సంవత్సరపు ఉత్తమ నూతన ఆటగాడు తన సమాఖ్యలో అతడే అయినాడు.

ధర వేరు, విలువ వేరు

ఇప్పుడు హైదరాబాదు మార్పిడికి తిరిగి రావచ్చును. 2019లో ధావన్ ఢిల్లీకి 521 పరుగులు, 2020లో 618 పరుగులు చేసినాడు. హైదరాబాదునకు వచ్చిన విజయ్ శంకర్ 2019లో 244 పరుగులు చేసినాడు. అభిషేక్ 2019, 2020, 2021 సంవత్సరములలో ఏ ఒక్క సంవత్సరమునను వంద పరుగులకు చేరలేదు. అప్పుడు తీర్పు చెప్పుమన్న, హైదరాబాదు మోసపోయినదని అందరును అనియుందురు. 2022లో అభిషేక్ 426 పరుగులు చేసినాడు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు చేసినాడు. ఆ సంవత్సరము హైదరాబాదు తుది పందెము వరకు వెళ్ళినది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులోనే 55 బంతులలో 141 పరుగులు చేసినాడు. మార్పిడి ఒక్కటే, దానిపై తీర్పు చూచిన కాలమును బట్టి మారినది.

ధర వేలములో ఒక్క నిమిషమున ఏర్పడును. దానిలో ఆటగాని నేర్పే గాక, ఆ దినమున ఎదుటివారి సంచిలో మిగిలిన డబ్బు, జట్టులో ఉన్న లోటు, పేరుప్రతిష్ఠలు చేరును. 2008 ఫిబ్రవరిలో జరిగిన మొదటి వేలములో హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13 లక్షల 50 వేల డాలర్లు, ఆడమ్ గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షల డాలర్లు ఇచ్చినది. హైదరాబాదీయుడైన వి. వి. ఎస్. లక్ష్మణ్, అందరికంటె ఎక్కువ జీతమునకు హక్కు గల ప్రత్యేక స్థానమును, జట్టునకు డబ్బు మిగులవలెనని వదలుకొన్నాడు. 2008లో ఆ జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదవది. 2009 మే 24న అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వమున విజేత అయినది. ఒక్క సంవత్సరములో మనుష్యుల నేర్పు అంతగా మారదు. కూర్పు, పరిస్థితులు, అదృష్టము మారినవి.

కోట్లు పలుకు ఆటగాండ్రకు ఈ తప్పులను భరించు శక్తి ఉన్నది. ఒక యేడు తప్పుగా తూచినను మరుసటి వేలము వారికి ఉండును. కార్మికవాడలోని ఒక పాఠశాల బాలునికి అట్టి రెండవ అవకాశము ఉండకపోవచ్చును. మండల జట్టు నుండి జిల్లా జట్టునకు, జిల్లా నుండి రాష్ట్రమునకు పోవు దారి రెండు మూడు పందెములలో తేలిపోవును. రైల్వే మొదలైన సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగములు ఇచ్చుచున్నవి గనుక, ఆ దారి ఒక కుటుంబపు జీవనోపాధికి కూడ దారి. అచ్చట ఉపాధ్యాయుని చేతనున్న కాగితమే తక్కెడ.

ఆ కాగితముపై పాయింట్లతో పాటు మరి మూడు విషయములు వ్రాయుటకు ఖర్చు లేదు. ఎంతసేపు ఆడినాడు, ఎవరితో కలిసి ఆడినాడు, ఎన్ని పందెముల సాక్ష్యమిది. సాధన పందెములలో జంటలను చీటీలు వేసి మార్చుచుండిన, జోడెడ్ల చిక్కు చాలవరకు విడిపోవును. సంఖ్య తక్కువైనప్పుడు తీర్పును వాయిదా వేయవలెను. నల్లరేగడిలో పండిన జొన్నను చూచి ఎఱ్ఱనేలలోని జొన్నను పీకివేయు రైతు ఉండడు. పిల్లల విషయములో ఆపాటి ఓర్పు చూపుటకు పెద్ద గణితము అక్కరలేదు.